ప్యాచ్‌కి రివ్యూ వచ్చింది, జవాబు ఎలా రాయాలి?

లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) మొదటి ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు, ఎలా పంపాలో చెప్పే వీడియోలు, వ్యాసాలు బోలెడు దొరుకుతాయి. పంపిన తర్వాత సంగతి చెప్పేవి చాలా తక్కువ. మన ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఉత్సాహంగా వచ్చిన పిల్లల్లో చాలామంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. కోడ్ బాగానే ఉంటుంది. ఆ కోడ్‌కి బాధ్యుడైన మెయింటెయినర్ ఓపిగ్గా చదివి నాలుగు ప్రశ్నలు అడుగుతారు. రెండింటికి జవాబు వస్తుంది, మిగతా రెండూ అలాగే ఉండిపోతాయి. ఆయన ఇంకో ప్యాచ్ చూసుకోవడానికి వెళ్లిపోతారు. మంచి పని ఒకటి ఆర్కైవ్‌లో పడి ఉండిపోతుంది. ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే లోపం కోడ్‌లో కాదు, జవాబులో. జవాబు రాయడం నేర్చుకుంటే వచ్చేదే.

కెర్నల్‌లో రివ్యూ దాదాపు అంతా ఈమెయిల్‌లో జరుగుతుంది. గిట్‌హబ్‌లో లాగా ఒక్కో లైన్ పక్కన కామెంట్ పెట్టెలు, "రిజాల్వ్" బటన్లు ఉండవు. రివ్యూ ఒక మెయిల్, దానికి మీ జవాబు ఇంకో మెయిల్, అంతే. ఆ జవాబు చదివేది అడిగిన మనిషి ఒక్కరే అనుకోకండి. సీసీలో ఉన్న ఇంకో మెయింటెయినర్ మొదటి మెయిల్ చూడకుండానే నేరుగా మీ జవాబు తెరుస్తారు. రెండేళ్ల తర్వాత అదే డ్రైవర్‌లో బగ్ వెతుక్కుంటూ ఎవరో లోర్.కెర్నల్.ఆర్గ్ ఆర్కైవ్‌లో దాన్ని తెరుస్తారు. ముందూ వెనకా తెలియకుండా మధ్యలో వచ్చిన మనిషికి కూడా అర్థమయ్యేలా రాయాలి. కింద చెప్పే పద్ధతులన్నిటికీ మూలం ఇదే.

ముందు మెయిల్ సెట్టింగులు సరిచేసుకోండి

కెర్నల్ మెయిలింగ్ లిస్టులు (ఒక్క అడ్రసుకి రాస్తే సభ్యులందరికీ వెళ్లేవి) చాలావరకు వీగర్ అనే సర్వర్ మీద నడుస్తాయి. అది హెచ్‌టీఎంఎల్ మెయిళ్లను తిప్పికొడుతుంది. మీరు పంపాననుకుంటారు, సీసీలో ఉన్నవాళ్లకు చేరుతుంది కూడా, కానీ లిస్టుకి చేరదు, ఆర్కైవ్‌లో ఉండదు. అందుకని జవాబు ప్లెయిన్ టెక్స్ట్‌లోనే వెళ్లాలి.

జీమెయిల్ వెబ్‌లో అయితే రిప్లై పెట్టె అడుగున ఉన్న మూడు చుక్కలు నొక్కి "ప్లెయిన్ టెక్స్ట్ మోడ్" మీద టిక్ పెట్టండి. థండర్‌బర్డ్‌లో అయితే అకౌంట్ సెట్టింగుల్లో "కంపోజిషన్ అండ్ అడ్రసింగ్" పేజీకి వెళ్లి హెచ్‌టీఎంఎల్ టిక్ తీసేయండి. జవాబు కోట్ కింద మొదలయ్యేలా మార్చే సెట్టింగు కూడా అదే పేజీలో ఉంటుంది. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌తో లిస్టుకి జవాబు రాయకండి. బస్సులో ఉండగా రివ్యూ వస్తే చదవండి, జవాబు మాత్రం ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని రాయండి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. జీమెయిల్ వెబ్ నుంచి జవాబులు పంపొచ్చు కానీ ప్యాచ్‌లు పంపకూడదు. అది ట్యాబ్‌లను స్పేసులుగా మార్చేస్తుంది, పొడుగు లైన్లను విరగ్గొడుతుంది. ప్యాచ్ ఎప్పుడూ గిట్ సెండ్-ఈమెయిల్‌తోనో బీ4 టూల్‌తోనో (రెండూ ప్యాచ్‌ని చెదరకుండా మెయిల్ చేసే కమాండ్లు) వెళ్లాలి.

ఆఫీసు మెయిల్ నుంచి రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. "ఈ సమాచారం గోప్యం, మీకోసం కాకపోతే డిలీట్ చేయండి" అని కంపెనీ సర్వర్ తనంతట తానే అడుగున అతికించే పేరా ఉంటుంది కదా, అది బహిరంగ చర్చకి అస్సలు పొసగదు. అలాంటి మెయిల్‌కి కొందరు మెయింటెయినర్లు జవాబే ఇవ్వరు. ఇంటెల్, ఐబీఎం లాంటి సంస్థలు ఇందుకోసం విడిగా లైనక్స్ అనే ఉపపేరుతో మెయిల్ అడ్రసులు నడుపుతాయి. మీ కంపెనీలో ఆ ఏర్పాటు లేకపోతే ఐటీ వాళ్లను అడగండి. కుదరకపోతే మేనేజర్ అనుమతి తీసుకుని సొంత మెయిల్ వాడండి.

రివ్యూ మొత్తం చదివాకే రిప్లై నొక్కండి

రివ్యూ రాగానే గుండె దడదడలాడుతుంది, వెంటనే ఏదో ఒకటి రాసేయాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. మెయిల్ చివరిదాకా చదవండి. మూడో పేరాలో అడిగిన ప్రశ్నకి జవాబు చాలాసార్లు ఆయనే ఏడో పేరాలో ఇచ్చి ఉంటారు. తర్వాత కోడ్ తెరిచి, ఆయన చూపించిన చోటు మళ్లీ చూడండి. అడిగినదాన్ని పరీక్షించగలిగితే పరీక్షించండి. ఒకటి రెండు రోజులు పట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అంతకన్నా ఎక్కువ పడుతుందనిపిస్తే "బోర్డు వచ్చే వారం నా చేతికి వస్తుంది, టెస్ట్ చేసి జవాబిస్తాను" అని ఒక్క లైను రాసి పంపండి. అసలు మాట్లాడకుండా ఉండటం కన్నా అది వెయ్యిరెట్లు మేలు.

రిప్లై కాదు, రిప్లై ఆల్

కెర్నల్‌లో అలవాటు ఇదే: సీసీలో ఉన్న అందరినీ అలాగే ఉంచి రిప్లై ఆల్ చేయాలి. పెద్ద లిస్టుల్లో రోజూ వచ్చే మెయిళ్లన్నీ ఏ మెయింటెయినరూ చదవరు. తన పేరు సీసీలో ఉన్న మెయిల్ మాత్రమే ఇన్‌బాక్స్‌లో ఆయన కంటపడుతుంది. పైగా రివ్యూ చేసినవాళ్లు ఆ లిస్టులో సభ్యులై ఉండాలని కూడా లేదు. మర్యాద కోసమని సీసీ తగ్గిస్తే, అవసరమైన మనిషి చర్చలోంచి జారిపోతారు.

అయితే ఊరికో ఆచారం ఉన్నట్టు ప్రాజెక్టుకో పద్ధతి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ లిస్టుల్లోనూ రిప్లై ఆల్ మామూలే. డెబియన్ (లైనక్స్ మీద నడిచే ఒక సిస్టమ్) లిస్టుల నియమావళి మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: అడిగిన మనిషి తనకు విడిగా కాపీ కావాలని చెబితే తప్ప ఆయన్ని సీసీలో పెట్టొద్దు, లిస్టుకి మాత్రమే రాయండి అంటుంది. కెర్నల్ అలవాటుతో డెబియన్‌కి వెళ్తే అక్కడివాళ్లు విసుక్కుంటారు. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఆర్కైవ్‌లో నాలుగైదు థ్రెడ్లు (ఒక మెయిల్, దాని జవాబుల వరుస) చదివితే అక్కడి పద్ధతి తెలిసిపోతుంది.

పొరపాటున రిప్లై మాత్రమే నొక్కి ఒక్కరికే పంపేస్తే, అదే జవాబుని లిస్టుకి మళ్లీ పంపండి, పైన "ఇందాక లిస్టు సీసీలో లేదు, మళ్లీ పంపుతున్నాను" అని ఒక లైను చేర్చండి. రివ్యూయరే పొరపాటున మీకు విడిగా రాస్తే మాత్రం వాళ్ల మెయిల్‌ని వాళ్లను అడక్కుండా లిస్టులో పెట్టకండి. "దీన్ని లిస్టులో చర్చిద్దామా?" అని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు.

కత్తిరించండి, మధ్యలో రాయండి

అసలు నైపుణ్యం ఇదే. ఆఫీసు మెయిళ్లలో మనకు అలవాటైన పద్ధతి ఏమిటంటే, జవాబు పైన రాస్తాం, పాత మెయిల్ మొత్తం కింద వేలాడుతూ ఉంటుంది. కెర్నల్‌లో దీన్ని టాప్ పోస్టింగ్ అంటారు, ఎవరికీ నచ్చదు. జవాబు ముందు, ప్రశ్న తర్వాత చదవాల్సి వస్తుంది. ఐదు ప్రశ్నలున్న రివ్యూకి పైన ఐదు వాక్యాల జవాబు రాస్తే ఏది దేనికో పోల్చుకోవడం చదివేవాళ్ల పనైపోతుంది. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ప్యాచ్‌లు పంపడం గురించి ఉన్న పేజీ కూడా కోట్‌ని కత్తిరించి, మధ్యమధ్యలో జవాబు రాయమనే చెబుతుంది. ఇంటర్నెట్ మర్యాదల మీద 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం కూడా, పాత మెయిల్‌లోంచి సందర్భం తెలిసేంత భాగమే ఉంచమని అప్పుడే చెప్పింది.

రిప్లై ఆల్ నొక్కగానే పాత మెయిల్ ప్రతి లైను ముందు ">" గుర్తుతో వస్తుంది. జీమెయిల్‌లో అది కనిపించకపోతే అడుగున ఉన్న చిన్న మూడు చుక్కలు నొక్కండి, తెరుచుకుంటుంది. "ఫలానా రోజు ఫలానావారు రాశారు" అనే మొదటి లైను అలాగే ఉంచండి. ఎవరి మాటకు జవాబిస్తున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది. తర్వాత పైనుంచి కిందికి వస్తూ, మీరు జవాబివ్వని ప్రతిదీ తీసేయండి. ఒక ప్రశ్న దగ్గర ఆగండి. దాని కింద ఒక ఖాళీ లైను వదిలి మీ మాట రాయండి, మళ్లీ ఒక ఖాళీ లైను. ఆ తర్వాత తదుపరి ప్రశ్న.

ఉదాహరణకి, మీరు ఒక సెన్సర్ డ్రైవర్ పంపారు, దానికి రివ్యూ వచ్చింది అనుకుందాం. లిస్టులో ఇంగ్లీషులోనే రాయాలి, ఇక్కడ మన సౌకర్యం కోసం తెలుగులో చూపిస్తున్నాను. వీ2 అంటే అదే ప్యాచ్ రెండో వెర్షన్.

> +       ఎంస్లీప్(100);
>
> రీసెట్ తర్వాత 100 మిల్లీసెకన్లు ఎందుకు ఆగుతున్నారు?
> డేటాషీట్‌లో 20 అని ఉంది కదా.

20తో ప్రయత్నించాను. నా దగ్గరున్న రెండు బోర్డుల్లో ఒకదానిలో,
కరెంటు తీసి పెట్టాక మొదటిసారి ఐడీ రిజిస్టర్ చదివితే సున్నా
వస్తోంది. 50తో రెండూ సరిగ్గా పనిచేస్తున్నాయి. వీ2లో 50 చేసి,
కారణం కోడ్‌లోనే కామెంట్‌గా రాస్తాను.

[...]

> ఎర్రర్ వచ్చి వెనక్కి వెళ్లే దారిలో క్లాక్ ఆపడం లేదు.

నిజమే. వీ2లో సరిచేస్తాను.

> ఈ లాక్ నిజంగా అవసరమా?

అవసరమే అనుకుంటున్నాను. ఇంటరప్ట్ థ్రెడ్, సిస్‌ఎఫ్‌ఎస్ నుంచి
వచ్చే రీడ్ రెండూ ఒకే బఫర్‌ని ముట్టుకుంటాయి. లాక్ తీసేసి
నడిపితే అప్పుడప్పుడు సగం పాత విలువ, సగం కొత్త విలువ
వస్తోంది. వేరే మంచి దారి ఉంటే చెప్పండి.

చూడండి, ఈ మెయిల్ ఒక్కటి చదివితే చాలు, అసలు రివ్యూ తెరవనవసరం లేదు. మొదటి జవాబులో కోడ్ లైను కూడా ఉంచాం, అది లేకపోతే ఏ 100 గురించో తెలియదు. రెండో దాంట్లో కోడ్ అక్కర్లేదు, ప్రశ్నే అంతా చెబుతోంది. మధ్యలో వదిలేసిన భాగానికి గుర్తుగా బ్రాకెట్లో మూడు చుక్కలు పెట్టాం. "నిజమే, సరిచేస్తాను" అన్నది రెండు ముక్కల్లో అయిపోయింది, దానికి పేరా అక్కర్లేదు. మీరు చేసేది సరైనదేనని గట్టిగా నమ్మిన చోట మాత్రం కారణం, పరీక్షలో కనిపించినది రెండూ రాశాం.

ఎంత కత్తిరించాలో తెలియడం లేదా? ఈ కోట్ తీసేస్తే నా జవాబు అర్థమవుతుందా అని ఒక్కో ముక్కకీ అడిగి చూడండి. అర్థమైతే తీసేయండి. మూడొందల లైన్ల ప్యాచ్ మొత్తం కోట్ చేసి మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం రాస్తే, చదివేవాళ్లు స్క్రోల్ చేసీ చేసీ ఆ వాక్యాన్ని చూడకుండానే దాటిపోతారు. రివ్యూయర్లు కూడా అప్పుడప్పుడు ఈ తప్పు చేస్తారు. అందుకే రివ్యూ చదివేటప్పుడు మెయిల్ అడుగుదాకా వెళ్లండి, చివర్లో ఒక కామెంట్ దాగి ఉండొచ్చు. అలాగని వాక్యంలో సగం కోసి, వాళ్లు అననిది అన్నట్టు కనిపించేలా కూడా కత్తిరించకూడదు.

థండర్‌బర్డ్‌లో ఒక సౌకర్యం ఉంది. మెయిల్‌లో కావాల్సిన భాగాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి అప్పుడు రిప్లై ఆల్ నొక్కితే ఆ భాగం మాత్రమే కోట్ అవుతుంది. ఒక్క పాయింట్‌కే జవాబివ్వాలంటే ఇదే తేలిక.

మీ వాక్యాలను 72 అక్షరాల దగ్గర తర్వాతి లైనుకి తీసుకెళ్లండి. జవాబుకి జవాబు వచ్చినకొద్దీ ">" గుర్తులు పెరుగుతాయి, అప్పుడు కూడా లైన్లు చెదరకుండా ఉంటాయి. కెర్నల్ లాగ్‌లను మాత్రం విరగ్గొట్టకండి, ఎంత పొడుగున్నా అలాగే అతికించండి. స్క్రీన్‌షాట్ అసలే వద్దు. డీమెసేజ్ (dmesg, కెర్నల్ లాగ్ చూపే కమాండ్) ఔట్‌పుట్ టెక్స్ట్‌గా ఉంటేనే దాన్ని వెతకొచ్చు, కోట్ చేయొచ్చు.

ప్రతి కామెంట్‌కీ ఏదో ఒక జవాబు ఉండాలి

కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ఈ విషయం చాలా సూటిగా ఉంటుంది: రివ్యూయర్లను పట్టించుకోకపోతే వాళ్లూ మిమ్మల్ని పట్టించుకోరు. ఒప్పుకున్నవాటికి "సరే" చాలు. కొందరు, మార్చేవాటన్నిటికీ వీ2లోనే జవాబు ఉంటుంది కదా అని మెయిల్ రాయకుండా నేరుగా కొత్త వెర్షన్ పంపేస్తారు. చిన్న ప్యాచ్‌కి అది నడుస్తుంది. కానీ మీరు ఒప్పుకోని పాయింట్ ఒక్కటైనా ఉంటే, దాన్ని పాత థ్రెడ్‌లో తేల్చుకున్న తర్వాతే వీ2 పంపండి. లేకపోతే రివ్యూయర్ కొత్త వెర్షన్ తెరిచి, తను చెప్పినది అలాగే ఉండటం చూసి, చదవలేదేమో అనుకుంటారు. ఆ అపనమ్మకం పోగొట్టుకోవడానికి చాలా కాలం పడుతుంది.

ప్రశ్న అడిగారు, జవాబిచ్చారు, ఆయన ఒప్పుకున్నారు, కోడ్ మార్చనక్కర్లేదు అని తేలింది. అక్కడితో పని అయిపోలేదు. ఒకరికి వచ్చిన సందేహం తర్వాత చదివేవాళ్లకీ వస్తుంది. అందుకే అలాంటి ప్రశ్నకి జవాబు కోడ్‌లో కామెంట్‌గానో, కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు గిట్‌లో నిలిచే వివరణలో) వాక్యంగానో చేరాలి. పైన 50 మిల్లీసెకన్ల కారణాన్ని కామెంట్‌గా రాస్తానన్నది కూడా అందుకే. నాకు తెలిసినంతలో కొత్తవాళ్లకీ, అనుభవం ఉన్నవాళ్లకీ మధ్య స్పష్టంగా కనిపించే తేడా ఇదొక్కటే. అనుభవజ్ఞులు లిస్టులో ఇచ్చిన జవాబుని కోడ్‌లోకి తీసుకెళ్తారు.

ఒప్పుకోకపోవడం తప్పు కాదు. మనకు పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదన్న అలవాటు బాగా ఉంది. మెయింటెయినర్ పేరు చూడగానే "యెస్ సర్, మార్చేస్తాను" అని రాసేస్తాం. ఆయన అడిగింది ప్రశ్న అయితే, ఆయనకు కావాల్సింది ఒప్పుకోలు కాదు, సమాచారం. ఆ హార్డ్‌వేర్ మీ చేతిలో ఉంది, ఆయన చేతిలో లేదు. లాక్ తీసేయమంటే తీసేసి, తర్వాత డేటా చెడితే నష్టం వాడేవాళ్లకి. మీ కారణం, మీరు చూసిన ఫలితం రాయండి, నిర్ణయం వాళ్లకు వదిలేయండి. కారణం లేకుండా "నాకు ఇలాగే బాగుంది" అంటే మాత్రం నిలబడదు.

ఇద్దరు రివ్యూయర్లు చెరో మాట చెప్పడం మామూలుగా జరిగేదే. ఒకరు ఫంక్షన్‌ని విడగొట్టమంటారు, ఇంకొకరు కలిపే ఉంచమంటారు. అప్పుడు ఒకరి మాట విని ఇంకొకరిని వదిలేయకండి. అదే థ్రెడ్‌లో, ఇద్దరూ సీసీలో ఉండగా, ఇద్దరి మాటలూ కోట్ చేసి, మీ మొగ్గు ఎటో ఒక వాక్యంలో చెప్పి అడగండి. ఆ సబ్‌సిస్టమ్ (కెర్నల్‌లో ఆ విభాగం) మెయింటెయినర్ తేలుస్తారు.

మాట తీరు

మొదట్లో అందరికీ తగిలే దెబ్బ, మెయింటెయినర్ల పొడి మాటలు. "హాయ్" ఉండదు, "బాగుంది" ఉండదు, నేరుగా "ఇది తప్పు, ఎందుకంటే" అని మొదలవుతుంది. అది కోపం కాదు. రోజుకి పదుల ప్యాచ్‌లు చూసే మనిషి పలకరింపులు మానేస్తారు. మీ కోడ్ చదవడానికి సమయం కేటాయించారంటే అదే గౌరవం. నిజంగానే ఎవరైనా మితిమీరి మాట్లాడితే, కెర్నల్‌కి 2018 నుంచి ప్రవర్తనా నియమావళి ఉంది, ఫిర్యాదు తీసుకోవడానికి కమిటీ ఉంది. కాస్త కటువుగా ఉన్న మామూలు రివ్యూ అయితే ఆ రాత్రి జవాబు రాయకండి. పొద్దున్నే మళ్లీ చదివి, సాంకేతిక విషయానికి మాత్రమే జవాబివ్వండి.

మీ వైపు నుంచి "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు. "హాయ్" అని మొదటి పేరుతో పిలిస్తే చాలు, అక్కడ అది అమర్యాద కాదు. ప్రతి పాయింట్ కింద థాంక్స్, సారీ రాయనక్కర్లేదు. మెయిల్ మొదట్లో రివ్యూకి ఒక్కసారి ధన్యవాదాలు చెప్పండి, తర్వాత విషయానికి వెళ్లండి. థాంక్స్ తప్ప ఇంకేమీ లేని మెయిల్ మాత్రం పంపకండి, అది అంతమంది ఇన్‌బాక్స్‌లకు వెళ్తుంది.

ఇంగ్లీషు సరిగ్గా రాదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. లిస్టులో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. చిన్న వాక్యాలు రాయండి. వ్యాకరణం తప్పినా ఫర్వాలేదు, ఏ ఫంక్షన్, ఏ లైను, ఏం చూశారు అన్నది స్పష్టంగా ఉంటే చాలు. జవాబు మొత్తం ఏఐతో రాయించుకోవద్దని నా గట్టి సలహా. నునుపైన పేరాలు చూసి, మీకు అసలు విషయం అర్థమైందో లేదో రివ్యూయర్ తెలుసుకోలేరు. ఆయనకు కావాల్సింది ఆ నమ్మకమే. స్పెల్లింగ్ సరిచేయించుకోవడం వేరు, ఆలోచన అప్పగించడం వేరు.

జవాబు రాకపోతే

రెండు మూడు వారాల్లో స్పందన రావడం మామూలు. కనీసం ఒక వారం ఆగకుండా గుర్తుచేయకండి. కొత్త కెర్నల్ విడుదల తొమ్మిది పది వారాలకు ఒకసారి వస్తుంది, వచ్చిన వెంటనే రెండు వారాలు మెర్జ్ విండో (కొత్త మార్పుల్ని కలుపుకునే సమయం). ఆ రోజుల్లో మెయింటెయినర్లు తలమునకలుగా ఉంటారు, ఆ రెండు వారాలు లెక్కలోకి తీసుకోకండి.

గుర్తుచేయాలంటే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, మీ ప్యాచ్ మెయిల్‌కే రిప్లై ఆల్ చేయండి. ఊరికే "పింగ్" అనడం కన్నా పరిస్థితి చెప్పండి: "వీ2లో అన్ని కామెంట్లూ సరిచేశాను. ఇంకేమైనా మిగిలి ఉందా?" అప్పటికీ స్పందన లేకపోతే, మార్పు ఏమీ లేకుండా అదే ప్యాచ్‌ని సబ్జెక్టులో "రీసెండ్" అని చేర్చి మళ్లీ పంపొచ్చు. కోడ్‌లో ఒక్క అక్షరం మారినా అది రీసెండ్ కాదు, కొత్త వెర్షన్.

కొత్త వెర్షన్ పంపేటప్పుడు

పాత థ్రెడ్‌లో జవాబు కింద వీ2 అతికించకండి. ఒకటి కన్నా ఎక్కువ ప్యాచ్‌లున్న సిరీస్ అయితే తాజా థ్రెడ్‌గా పంపి, కవర్ లెటర్‌లో (సిరీస్ ముందు వెళ్లే పరిచయ మెయిల్‌లో) పాత వెర్షన్‌కి లోర్ లింకు ఇవ్వండి. పాత థ్రెడ్‌కే వేలాడదీస్తే నాలుగో వెర్షన్ వచ్చేసరికి ఎవరికీ ఏదీ కనపడదు. ఏం మారిందో, ప్యాచ్‌లో కమిట్ మెసేజ్ తర్వాత వచ్చే మూడు డ్యాష్‌ల గీత (---) కింద రాయండి. అక్కడ రాసింది రివ్యూయర్‌కి కనిపిస్తుంది, గిట్ చరిత్రలోకి వెళ్లదు. తొందరపడి గంటకో వెర్షన్ పంపడం కూడా తప్పే. నెట్‌వర్కింగ్ వాళ్ల నెట్‌డెవ్ లిస్టులో అయితే 24 గంటలు గడవకుండా మళ్లీ పంపొద్దని రాతపూర్వకంగానే ఉంది. అందరికీ చూసే సమయం ఇవ్వాలి కదా.

రివ్యూడ్-బై (చూసి ఒప్పుకున్నాను), టెస్టెడ్-బై (పరీక్షించాను) అని ఎవరైనా తమ పేరుతో ట్యాగ్ ఇస్తే దాన్ని తర్వాతి వెర్షన్‌లో కలుపుకోవడం మీ బాధ్యత. బీ4 టూల్ ఆ పని చేసిపెడుతుంది. ప్యాచ్ బాగా మారిపోతే ఆ ట్యాగ్ తీసేసి, తీసేశానని గీత కింద చెప్పండి. ఎవరో నాలుగు కామెంట్లు రాశారు కాబట్టి రివ్యూడ్-బై అని మీరే వాళ్ల పేరు చేర్చేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ ట్యాగ్ వాళ్లు స్వయంగా ఇవ్వాల్సిన మాట.

కెర్నల్ టెస్ట్ రోబో నుంచి కూడా జవాబు రావచ్చు. ఇంటెల్ నడిపే ఆ వ్యవస్థ మీ ప్యాచ్‌ని రకరకాల కాన్ఫిగరేషన్లలో బిల్డ్ చేసి, ఎర్రర్ వస్తే మెయిల్ పంపుతుంది. యంత్రం కదా అని వదిలేయకండి, మెయింటెయినర్ దాన్ని చూస్తారు. వీ2లో సరిచేసేదైతే అక్కడే సరిచేయండి. రోబో సూచించే రిపోర్టెడ్-బై ట్యాగ్, ఆ తప్పుని విడి ప్యాచ్‌గా సరిచేసినప్పుడు మాత్రమే వాడాలి, అదే ప్యాచ్ కొత్త వెర్షన్‌లో కాదు.

మీకు రాని మెయిల్‌కి జవాబివ్వాలంటే

మీరు సభ్యులు కాని లిస్టులో ఎవరో మీ బోర్డు గురించి అడిగారు, మీకు జవాబు తెలుసు. కొత్త మెయిల్ రాసి సబ్జెక్టులో "రీ" అని పెడితే అది ఆ థ్రెడ్‌లో కలవదు. థ్రెడ్ సబ్జెక్టు మీద కాకుండా, మెయిల్ లోపల దాగి ఉండే ఇన్-రిప్లై-టు అనే హెడర్ మీద ఆధారపడుతుంది. లోర్‌లో ఆ మెయిల్ తెరిచి "రిప్లై" లింకు నొక్కండి. ఎంబాక్స్ ఫైలు (ఆ మెయిల్ ఉన్న ఫైలు) దించుకుని మీ మెయిల్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకోవడం, లేదా గిట్ సెండ్-ఈమెయిల్‌కి ఇవ్వాల్సిన పూర్తి కమాండ్, రెండూ అక్కడ సిద్ధంగా ఉంటాయి.

ఇదే కారణంగా, వేరే విషయం మొదలుపెట్టడానికి పాత మెయిల్‌కి రిప్లై కొట్టి సబ్జెక్టు మార్చేయడం కూడా పనికిరాదు. హెడర్ పాతదే ఉంటుంది కాబట్టి మీ కొత్త ప్రశ్న ఎవరిదో థ్రెడ్ లోపల చిక్కుకుపోతుంది.

ప్యాచ్ తీసుకున్నాక

"అప్లైడ్, థాంక్స్" అని వస్తే దానికి జవాబు అక్కర్లేదు, సంతోషించండి. కానీ మీ పేరు ఇక ఆ కోడ్ మీద ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఎవరో "మీ కమిట్ వచ్చాక నా మెషిన్ సస్పెండ్ అవడం లేదు" అని రాస్తారు. అలాంటి మెయిల్‌కి వీలైనంత త్వరగా, పరిష్కారం చేతిలో లేకపోయినా, "చూస్తున్నాను, ఈ లాగ్ పంపగలరా" అని రిప్లై ఆల్ చేయండి. అంతకుముందు పనిచేసింది ఇప్పుడు ఆగిపోయిందంటే కెర్నల్‌లో చాలా సీరియస్‌గా తీసుకుంటారు, దానికి విడిగా రిగ్రెషన్స్ లిస్టే ఉంది, దాన్ని సీసీలో చేర్చండి.

ఆ మెయిల్ మీకు చేరాలి కూడా. కాలేజీ ఐడీ నుంచి ప్యాచ్‌లు పంపినవాళ్లకు చదువు అయ్యాక ఆ ఐడీ ఆగిపోతుంది, ఉద్యోగం మారినవాళ్లదీ అదే పరిస్థితి. మొదటి ప్యాచే సొంత మెయిల్ నుంచి పంపండి. అప్పటికే పాత ఐడీతో వెళ్లిపోయి ఉంటే, కెర్నల్ సోర్స్‌లో మెయిల్‌మ్యాప్ అనే ఫైలు ఉంది, అందులో పాత అడ్రసు ఎదురుగా కొత్తది చేర్చే ఒక లైను ప్యాచ్ పంపండి. ప్యాచ్ ఎవరికి పంపాలో చెప్పే గెట్-మెయింటెయినర్ స్క్రిప్ట్ ఆ ఫైలు చూసి, తర్వాత రాసేవాళ్లకు మీ కొత్త అడ్రసే ఇస్తుంది.